వరుససంఖ్యకై పదునొకండేండ్ల వ్యాజ్యము

అమెరికా దేశపు పెద్ద విమాన సంస్థలలో పైలట్‌గా చేరినవాని జీవితమును తుదివరకు శాసించునది చేరిన తేదీని బట్టి వాని పేరునకు ఎదుట వ్రాయబడిన ఒక వరుససంఖ్య. ఏ నగరపు విమానాశ్రయము నుండి బయలుదేరవలెను, దేశములోపల తిరుగు చిన్న విమానము నడపవలెనా సముద్రములు దాటు పెద్ద విమానము నడపవలెనా, ఎడమవైపు ఆసనమున కెప్టెన్‌గా కూర్చుండవలెనా కుడివైపున ఫస్ట్ ఆఫీసరుగానే ఉండిపోవలెనా, క్రిస్మస్ నాడు ఆలుబిడ్డలతో నుండునా ఏ పరాయి ఊరి హోటలు గదిలోనో నుండునా అనునవన్నియు ఆ సంఖ్య వరుసను బట్టి తేలుచుండును. పైవాడు కోరుకొనగా మిగిలినది క్రిందివానిది. సంస్థకు కష్టకాలము వచ్చి మనుష్యులను తగ్గింపవలసి వచ్చినప్పుడు ఆ తగ్గింపు ఈ సంఖ్యల పట్టిక అడుగు నుండియే ఆరంభమగును. అట్లు ఇంటికి పంపబడుటను వారు ఫర్లో యందురు: జీతము ఆగును, ఉద్యోగపు హక్కు మాత్రము పేరునకు నిలిచియుండును, తిరిగి పిలుపు వచ్చునప్పుడు అదియు ఆ వరుసలోనే వచ్చును.

నైపుణ్యమును లెక్కింపని యీ పద్ధతి మొదట వినినవారికి అన్యాయముగా తోచవచ్చును గాని, దీనికి బలమైన కారణము కలదు. యంత్రమున లోపమున్నదనియో, వాతావరణము అనుకూలముగా లేదనియో, తనకు విశ్రాంతి చాలలేదనియో చెప్పి ఒక కెప్టెన్ విమానమును కదలింప నిరాకరించినచో ఆ పూట సంస్థకు నష్టము తప్పదు. ఆ నష్టమును మనసున నుంచుకొని మరునాడు వాని పదోన్నతిని ఆపగల అధికారి యెవ్వడును లేకుండుటయే వెనుక కూర్చున్న ప్రయాణికుల ప్రాణములకు రక్ష. 1931లో ఏర్పడిన ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్ మొదలు నేటి సంఘముల వరకు పైలట్లందరును ఈ వరుసను కంటిపాపవలె కాపాడుకొనుచు వచ్చుటకు హేతువిదియే. అయితే ఈ రక్షణకు ఒక హద్దున్నది. ఆ సంఖ్య సంస్థ గడప దాటి బయటికి రాదు. ఇరువదియైదేండ్లు కెప్టెన్‌గా పనిచేసినవాడు తన సంస్థ మూతపడి మరియొక సంస్థలో చేరినచో, నిన్న శిక్షణ ముగించుకొని వచ్చిన యువకుని వెనుక నిలువబడి, ఆ యువకుని జీతముతోనే జీవితమును తిరిగి ఆరంభింపవలెను. కనుక పైలట్ తన సంస్థను విడువలేడు. ఆ సంస్థ మునుగుచున్నను విడువలేడు. దివాలా న్యాయస్థానమున వారికి జరిగినదంతయు ఈ విడువలేనితనము మీదనే ఆధారపడియున్నది.

2009 జనవరి 15వ తేదీన న్యూయార్కు నగరము ప్రక్కనున్న హడ్సన్ నదిలో యు.ఎస్. ఎయిర్‌వేస్ విమానము దిగి, అందున్న 155 మందియు బ్రదికి బయటపడిన వృత్తాంతము లోకమంతయు ఎరిగినదే. కెప్టెన్ సల్లెన్‌బర్గర్ పేరు అందరకును తెలియును. కుడివైపు ఆసనముననున్న జెఫ్రీ స్కైల్స్ సంగతి తెలిసినవారు తక్కువ. ఆయన 1986లో ఉద్యోగమున చేరి, అంతకుముందే కెప్టెన్ పదవి పొంది, సంస్థ విమానములను తగ్గించుకొనినప్పుడు ఆ పదవి నుండి దిగి తిరిగి ఫస్ట్ ఆఫీసరు అయినవాడు; ఆ విమానపు రకమున శిక్షణ ముగించుకొనిన పిమ్మట ఆయనకు అదియే తొలి విధి. పట్టిక పైనున్న వానికి స్థానము పోయినచో వాడు తనకంటె క్రిందివానిని తోయును, ఆ క్రిందివాడు మరియొకనిని తోయును; అట్లు మెట్టుమెట్టున దిగిన తోపుడు చివర నున్నవాని ఇంటి వాకిట ఆగును. ఆ ప్రమాదము జరిగిన మరునెలలో అమెరికా ప్రతినిధుల సభా సంఘము ఎదుట సాక్ష్యమిచ్చుచు సల్లెన్‌బర్గర్, తన జీతము నూటికి నలువది వంతులు తగ్గినదనియు, పింఛను పోయి దాని స్థానమున ప్రభుత్వ హామీ సంస్థ ఇచ్చు స్వల్పభాగము మాత్రమే మిగిలినదనియు చెప్పెను. దేశమంతయు వీరుడని కీర్తించుచున్న దినములలో ఆయన చెప్పుకొనినది ఈ జీతభత్యముల గోడు. ఆయనను మెచ్చిన పత్రికలు దీనిపై అంతగా నిలువలేదు.

ఆ జీతము, ఆ పింఛను ఎట్లు పోయెనో చూతము. 2001 సెప్టెంబరు 11 నాటి దాడుల తరువాత అమెరికా విమాన సంస్థలన్నియు కుంగిపోయినవి గాని, యు.ఎస్. ఎయిర్‌వేస్‌కు తగిలిన దెబ్బ ప్రత్యేకమైనది. దాని ముఖ్యస్థానములలో ఒకటియైన వాషింగ్టన్ నగరపు రీగన్ విమానాశ్రయము కొన్ని వారములు పూర్తిగా మూతపడెను. 2002 ఆగస్టులో ఆ సంస్థ దివాలా రక్షణ కోరెను. పైలట్లు ఒకసారి జీతములు వదలుకొనిరి, పిదప మరియొకసారి వదలుకొనిరి. 2003 మార్చిలో సంస్థ దివాలా నుండి బయటపడునప్పుడు వారి పింఛను పథకమే రద్దయ్యెను. అప్పుడు ఆ సంస్థలో అత్యధిక భాగము కొనినది అలబామా రాష్ట్ర ఉద్యోగుల పింఛను నిధియన్న సంగతి ఇచ్చట చెప్పకుండ ఉండలేను. ఒక రాష్ట్రపు ఉపాధ్యాయుల వృద్ధాప్యమునకై కూడబెట్టిన సొమ్ము, మరియొక వృత్తివారి వృద్ధాప్యపు సొమ్మును వదిలించుకొనిన సంస్థకు పెట్టుబడియయ్యెను. ఇంత చేసినను నిలువలేక 2004 సెప్టెంబరులో సంస్థ రెండవసారి దివాలా తీసెను. పైలట్లు మరల జీతములు వదలుకొనిరి. అప్పటికి ఆ సంస్థ పైలట్లు సుమారు 5,100 మంది యుండగా అందు సుమారు 1,700 మంది ఫర్లోలో నుండిరి. పదునారు, పదునేడు సంవత్సరముల సేవ గలవారు పని లేక ఇండ్లలో కూర్చుండియుండిరి.

ఇది చట్టవిరుద్ధముగా జరిగినది కాదని గమనింపవలెను. 1983లో కాంటినెంటల్ సంస్థాధిపతి ఫ్రాంక్ లోరెంజో దివాలా పత్రము దాఖలు చేసి, కార్మిక సంఘములతో చేసికొనిన ఒప్పందములను త్రోసివేసి, సుమారు సగము జీతములతో విమానములను తిరిగి ఎగురవేసిన తరువాత, అంతటి స్వేచ్ఛ యజమానికి ఉండరాదని తలచి అమెరికా కాంగ్రెసు 1984లో దివాలా చట్టమున 1113వ విభాగమును చేర్చెను. దాని ప్రకారము యజమాని ముందుగా సంఘముతో చర్చింపవలెను, లెక్కలు చూపవలెను, న్యాయాధీశుని అనుమతి పొందవలెను. కాని ఆ మూడు మెట్లు ఎక్కినపిదప ఒప్పందమును రద్దుచేయు అధికారము న్యాయస్థానమునకు కలదు. ఆ సంగతి ఎరిగిన సంఘము చర్చలకు కూర్చుండునపుడే సగము ఓడిపోయి కూర్చుండును.

ఇన్నింటిని కోసివేసిన దివాలా కత్తి వరుససంఖ్యను మాత్రము తాకలేదు. దానిపై గౌరవము చేత తాకలేదనుకొనుట పొరపాటు. ఆ పట్టిక వలన యజమానికి పైసా ఖర్చు లేదు. పై సంఖ్య ఎవ్వరిదైనను, క్రింది సంఖ్య ఎవ్వరిదైనను, కెప్టెన్ జీతము కెప్టెన్ జీతమే. ఖర్చు కాని దానిని తగ్గించి మిగుల్చుకొనవలసినది లేదు గనుక అది పైలట్లకు మిగిలెను. అది యొక్కటియే మిగిలినది గనుక, దానిని గూర్చిన కలహము అంత తీవ్రమయ్యెను. అప్పులవాళ్ళు మాగాణి అంతయు కట్టుకొని పోయిన తరువాత మిగిలిన పశువుల కొట్టము కొరకు అన్నదమ్ములు కోర్టుకెక్కిన చందమున, తరువాతి పదునొకండేండ్లు పైలట్లు పైలట్లపై వ్యాజ్యములు నడపిరి.

2005 సెప్టెంబరులో యు.ఎస్. ఎయిర్‌వేస్, అరిజోనా రాష్ట్రపు అమెరికా వెస్ట్ సంస్థతో కలిసెను. పేరు పెద్ద సంస్థది, అధికారము చిన్న సంస్థది. ప్రధాన కార్యాలయము ఫీనిక్స్ ప్రక్కనున్న టెంపీకి మారెను, అమెరికా వెస్ట్ అధిపతి డగ్ పార్కరే క్రొత్త సంస్థకును అధిపతియయ్యెను. అమెరికా వెస్ట్ పైలట్లు సుమారు 1,900 మంది, ఇంచుమించు అందరును పనిలో నున్నవారు, వయసున చిన్నవారు. వారికి పశ్చిమవారనియు, పాత యు.ఎస్. ఎయిర్‌వేస్ వారికి తూర్పువారనియు పేరు వచ్చెను. ఉభయులును ఒకే సంఘమునకు చెందినవారే. ఆ సంఘపు నియమముల ప్రకారము మొదట చర్చింపవలెను, కుదరనిచో మధ్యవర్తి నిర్ణయమునకు కట్టుబడవలెను. చర్చ కుదరలేదు. జార్జి నికొలావ్ అను మధ్యవర్తి 2007 మే నెలలో తీర్పు చెప్పెను.

ఆయన చేసినదిది: సముద్రములు దాటు పెద్ద విమానములు తూర్పువారికి మాత్రమే ఉండుటచే, వారిలో పైనున్న ఐదువందల పైచిలుకు మందిని పట్టిక శిరస్సున నుంచెను, పనిలోనున్న తక్కినవారిని నిష్పత్తి ప్రకారము ఒకరితో నొకరిని పేనెను, ఫర్లోలో నున్న తూర్పువారిని అడుగున చేర్చెను. ఫలితమేమనగా, విలీనమునకు కొన్ని నెలలకు ముందు చేరిన పశ్చిమపు కుర్రవాడు, 1988 ప్రాంతమున చేరి ఫర్లోలో నున్న తూర్పు పైలట్‌కు పైవాడయ్యెను. చేరిన తేదీయే జ్యేష్ఠతకు ఏకైక ప్రమాణమని నమ్మినవారికి ఇది పిడుగుపాటు. వారి వాదములో బలము లేకపోలేదు. తూర్పువారిలో వయసు మీరినవారు మెండు. వారు పదవీ విరమణ చేయగా ఖాళీయగు కెప్టెన్ స్థానములు తమవని క్రిందివారు ఏండ్లకొలది ఆశ పెట్టుకొనియుండిరి. ఆ ఖాళీలలో ఇపుడు పశ్చిమవారికి వాటా పోయెను. ఆ సంవత్సరాంతమున పైలట్ల విరమణ వయసు అరువది నుండి అరువదియైదుకు పెంచు చట్టము రాగా, ఆ ఖాళీలు సైతము మరి ఐదేండ్లు వెనుకకు జరిగెను.

పశ్చిమవారి సమాధానము సూటిగా నుండెను. విలీనము లేకున్న మీ సంస్థయే మిగిలియుండెడిది కాదు, లేని సంస్థలో పదునేడేండ్ల సేవకు విలువ యెంత, అని వారు అడిగిరి. ఈ ప్రశ్న కఠినమైనదే గాని అబద్ధము కాదు. పనిలేనివానిని పనిలోనున్నవానికి పైనెక్కించినచో, తదుపరి తగ్గింపులో ఇంటికి పోవువాడు ఏ పాపమెరుగని రెండవవాడగును. నికొలావ్ తీర్పు ప్రేమగలది కాదు, సమర్థనీయమైనది మాత్రమగును. నా దృష్టిలో అంతకంటె ముఖ్యమైనది మరియొకటి: తీర్పునకు ముందు ఉభయులును దానికి కట్టుబడెదమని ఒప్పుకొనిరి. ఓడినవాడు సంఖ్యాబలము గలవాడైనంత మాత్రమున ఆ ఒప్పుదల చెరిగిపోదు.

అయినను జరిగినది ఆ ఒప్పుదలను చెరుపుటయే. తూర్పువారు ఎక్కువమంది, 2008లో వారు తమ ఓట్లతో పాత సంఘమునే తొలగించి, చేరిన తేదీని తన నియమావళిలో వ్రాసికొనిన యు.ఎస్. ఎయిర్‌లైన్ పైలట్స్ అసోసియేషన్ అను క్రొత్త సంఘమును ఉభయులకును ప్రతినిధిగా నిలబెట్టిరి. అంతకు కొలది నెలల ముందే సంస్థ నికొలావ్ పట్టికను అంగీకరించియుండెను. క్రొత్త సంఘము దానిని అమలునకు రానీయలేదు. పశ్చిమవారు తమ తరఫున మాటాడవలసిన సంఘముపైననే వ్యాజ్యము వేసిరి. 2009లో ఫీనిక్స్ నగరపు జ్యూరీ వారిపక్షమున తీర్పు చెప్పెను. 2010లో పై న్యాయస్థానము, సంఘమింకను తుది ఒప్పందము చేసికొననందున వివాదము విచారణకు పక్వము కాలేదని ఆ తీర్పును కొట్టివేసెను. 2015లో ఆ న్యాయస్థానమే సంఘము పశ్చిమవారియెడ న్యాయమైన ప్రాతినిధ్యపు ధర్మమును తప్పినదని నిర్ణయించెను. ఈలోగా 2013 డిసెంబరులో సంస్థ, దివాలా నుండి లేచుచున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో కలిసిపోయెను. మూడు వర్గముల పైలట్లను ఒకచోట చేర్చిన పట్టిక ముగ్గురు మధ్యవర్తుల మండలి చేతిమీదుగా 2016 సెప్టెంబరులో వెలువడెను.

ఇన్నేండ్లలో లాభించినదెవ్వరని అడుగువారు తక్కువ. పట్టిక తేలనిదే ఉమ్మడి ఒప్పందము కుదరదు. ఉమ్మడి ఒప్పందము కుదరనంత కాలము తూర్పువారు దివాలా నాటి జీతములతో, పశ్చిమవారు తమ పాత జీతములతో, ఒకే రంగు విమానములను, వేరువేరు సిబ్బందిగా నడపుచుండిరి. అమెరికా దేశమున ఇతర సంస్థల పైలట్ల జీతములు కోలుకొనుచున్న కాలములో వీరివి అట్లే పడియుండెను. సంస్థ కుట్ర పన్నినదని నేననను; పన్నవలసిన అవసరమే లేకపోయెను. కార్మికుల కలహము సాగినకొలది యజమానికి సొమ్ము మిగులునట్లు ఏర్పాటున్నచోట, యజమాని ఊరకుండుటయే లాభము. తూర్పువారిని మూర్ఖులనుచు, పశ్చిమవారిని స్వార్థపరులనుచు నాడు అమెరికాలో ఎన్నో మాటలు వినబడెను. ఒకే దివాలా చేత ఆస్తి పోగొట్టుకొనినవారిని, ఆ దివాలా వలననే ప్రాణము నిలిచిన సంస్థలో కష్టపడుచున్నవారిని ఎదురెదురుగా నిలబెట్టి, మిగిలిన యొక్క సంఖ్యను వారి నడుమ విసరివేసిన చట్టమును నిందించినవారు చాల స్వల్పము.

మధ్యవర్తి యొక్కడును లేకున్న ఏమగునో చూడవలెనన్న ట్రాన్స్ వరల్డ్ ఎయిర్‌లైన్స్, అనగా టి.డబ్ల్యు.ఏ. కథ చాలును. 2001 జనవరిలో మూడవసారి దివాలా తీసిన ఆ సంస్థను అమెరికన్ ఎయిర్‌లైన్స్ కొనెను. విలీనమునందు జ్యేష్ఠతను రక్షించు తమ ఒప్పందపు నిబంధనలను వదులుకొనుట ఆ కొనుగోలునకు షరతుగా నుండుటచే పైలట్లు వదలుకొనిరి. సుమారు 2,300 మంది పైలట్లలో సగమునకు పైబడినవారు అమెరికన్ పట్టిక అడుగున కుట్టివేయబడిరి. కొన్ని నెలలకే సెప్టెంబరు దాడులు, ఆ వెనుకనే ఫర్లోలు. అడుగుననున్నవారు మొదట పోయిరి. వారి స్వస్థానమైన మిస్సోరి రాష్ట్రపు సెనేటర్లు మెకాస్కిల్, బాండ్ అనువారు, ఒకరు డెమోక్రాటు, ఒకరు రిపబ్లికను, కలిసి పూనుకొనగా, ఇకపై విమాన సంస్థల విలీనములలో జ్యేష్ఠతా పట్టికలను న్యాయముగాను సమముగాను కలుపవలెననియు, కుదరనిచో మధ్యవర్తికి ఒప్పగింపవలెననియు 2007లో చట్టమయ్యెను. టి.డబ్ల్యు.ఏ. పైలట్లను వారి పాత సంఘము సరిగా కాపాడలేదని 2011లో న్యూజెర్సీ జ్యూరీ తేల్చెను, 2014లో 5.3 కోట్ల డాలర్ల రాజీ కుదిరెను. అప్పటికి వారిలో చాలమంది విమానము నడపు వయసు దాటిపోయిరి.

మన దేశమున కథ వేరు రూపము దాల్చినది. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న, హైదరాబాదు కేంద్రముగా నడచిన ట్రూజెట్ 2022లో, గో ఫస్ట్ 2023 మే నెలలో ఎగురుట మానినవి. మన సంస్థలు అనుభవజ్ఞుని నేరుగా కెప్టెన్‌గా చేర్చుకొనును గనుక మన పైలట్ అమెరికా పైలట్ వలె వరుససంఖ్యకు కట్టుబడి కూర్చుండనక్కర లేదు. అందుచేతనే ఇచ్చట కట్టు వేరొక వైపు నుండి వచ్చెను: ఉద్యోగము మానదలచిన కమాండర్ ఒక సంవత్సరము, కో-పైలట్ ఆరు మాసములు ముందుగా తెలుపవలెనని పౌర విమానయాన డైరెక్టరేటు 2017లో నియమము చేసెను. జీతము నెలలకొలది ఆపిన యజమాని ముందుగా తెలుపవలసిన గడువు ఎంతయో ఆ నియమమునందు కానరాదు.

వరుస కలహము మనకును తెలియనిది కాదు. ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ 2007లో కలిసినవి. జ్యేష్ఠతను తేల్చుటకు జస్టిస్ ధర్మాధికారి కమిటీ 2011లో గాని ఏర్పడలేదు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారు చిన్న విమానములపై త్వరగా కెప్టెన్లగుచుండిరి. ఎయిర్ ఇండియా వారు పెద్ద విమానములలో అదే పదవికై ఎక్కువకాలము వేచియుండుచుండిరి. బోయింగ్ 787 విమానముల శిక్షణ ఉభయులకును ఇచ్చినచో తమ పదోన్నతులు పోవునని ఎయిర్ ఇండియా పైలట్లు 2012 వేసవిలో 58 దినములు విధులకు పోలేదు. నాడు పత్రికలలో పైలట్ల పొగరును గూర్చి వ్రాసినవారు కొల్లలు. రెండు సంస్థలను ఒక్క సంతకముతో కలిపి, వాని మనుష్యులను కలుపుపనిని నాలుగేండ్లు వాయిదా వేసిన ప్రభుత్వమును గూర్చి అంత వేడిగా వ్రాసినవారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును.

విస్తారా 2024 నవంబరులో ఎయిర్ ఇండియాతో కలిసెను. అంతకు ముందు వేసవిలో క్రొత్త జీతపు పద్ధతిపై దాని పైలట్లు అసమ్మతి చూపగా ఎన్నో విమానములు రద్దయినవి. విలీనములు ఇంకను వచ్చును. మెకాస్కిల్, బాండ్ చట్టము వంటిది మనకు కావలెననుట నా అభిప్రాయము. కాని దానిని యథాతథముగా తెచ్చుకొన్న చాలదు, అమెరికా అనుభవము దాని లోపమును కూడ చూపినది. పట్టిక తేలుటకు గడువుండవలెను, గడువు దాటిన దినము నుండి ఉభయవర్గములకును ఉన్న జీతములలో హెచ్చైనదానిని సంస్థయే చెల్లింపవలెను. అపుడు ఆలస్యమునకు ఖరీదు యజమాని ఖాతాలో పడును. మధ్యవర్తి తీర్పు చెప్పిన పిదప సంఘమును మార్చుకొనినను ఆ తీర్పు మారరాదు. దివాలా న్యాయస్థానము పునరుద్ధరణ పథకమును ఆమోదించునపుడు బ్యాంకుల బాకీల పట్టికతో పాటు ఉద్యోగుల జ్యేష్ఠతా పట్టిక యొక్క గతియేమో కూడ ఆ పథకములోనే వ్రాయించి, ఆ మీదటనే ముద్ర వేయవలెను.